అత్తయ్య గొంతు లేని తెనాలి

బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. చాలా ఏళ్ళుగా నాకు చప్పుళ్ళు రికార్డు చేసే అలవాటు ఒకటి ఉంది. సముద్రం, సరుగుడు తోపులో గాలి, వరికోత మిషను, పక్కింట్లో అంట్లు తోమే చప్పుడు, ఏది దొరికితే అది. వాటిని కంప్యూటర్లో కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కళ్ళు మూసుకుని వినడానికి పనికొచ్చే ముక్కలుగా చేస్తాను. పాట కాదు, నాటకం కాదు. మరేంటి అని అడిగిన వాళ్ళెవరికీ ఇంతవరకూ నేను సరైన జవాబు చెప్పలేదు.

ఈ జనవరిలో విజయవాడలో ఒక చిన్న కళాసంస్థ వాళ్ళు నన్ను అడిగారు. ఆగస్టులో వాళ్ళ హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కో ఊరికి వెళ్ళి, అక్కడి చప్పుళ్ళతో ఇరవై నిమిషాల ముక్క తయారు చెయ్యాలి. షరతు ఒక్కటే. అందులో మనుషుల మాటలు ఉండకూడదు. మాట వినపడితే మనసు అర్థం వెంట పోతుందనీ, ఊరిని వినదనీ వాళ్ళ వాదన. అది నాకు బాగా నచ్చింది. తెనాలి చేస్తానన్నాను. తెనాలిలో మా మేనత్త ఉంది, బసకి ఇబ్బంది ఉండదనుకున్నాను. ఆ అనుకోవడమే నా కొంప ముంచింది.

అత్తయ్యకి డెబ్బై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. మిషన్ స్కూల్లో ముప్పై అయిదేళ్ళు తెలుగు చెప్పి రిటైరైంది. కాలవ దగ్గర ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఉంటుంది. ఆ ఊళ్ళో ఆమె దగ్గర చదువుకున్న వాళ్ళు కనీసం వీధికి ఇద్దరుంటారు. చదువుకోని వాళ్ళని కూడా ఆమె తన దగ్గర చదువుకున్నట్టే నిలేసి పలకరిస్తుంది.

ఫిబ్రవరిలో మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. మొదటిరోజు తెల్లవారకముందే లేచి, రికార్డరు, హెడ్‌ఫోన్లు, మైకు సంచిలో సర్దుకుంటుంటే అత్తయ్య నా వెనకే చీర మార్చుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వెక్కడికి, అత్తయ్యా?"

"ఒక్కదానివి ఆ వైర్లేసుకుని నడిరోడ్డు మీద నుంచుంటే జనం ఏమనుకుంటారే? నేనుంటే ఎవరూ ఏమీ అడగరు."

నిజమే. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండానే ఆమె అన్నీ చెప్పింది.

కాలవ వంతెన మీద మైకు పెట్టాను. నీళ్ళింకా పారుతున్నాయి. వంతెన స్తంభాలకు తగిలి, చీలి, మళ్ళీ కలిసేటప్పుడు ఒక మెత్తటి గరగర వస్తుంది. దాని కోసమే వెళ్ళాను. రికార్డు బటన్ నొక్కి అరనిమిషం కాలేదు. "ఏమ్మా, వాకింగా? ఇది మా మేనకోడలు. బాపట్లలో లెక్చరరు. కాలవని రికార్డు చేస్తోంది." అత్తయ్య ఆపిన ఆవిడ వెళ్ళిపోయాక ఇంకొకాయన. ఆయన వెళ్ళాక ఇంకెవరూ లేరు కదా అని ఊపిరి పీల్చుకుంటే అత్తయ్య నాతోనే మొదలుపెట్టింది. నేను చెయ్యి అడ్డంగా ఊపాను, పెదాల మీద వేలు పెట్టాను. ఆమె తల ఊపింది, గొంతు కాస్త తగ్గించింది, మాట మాత్రం ఆపలేదు.

గాలి చప్పుడు పడకుండా మైకుకు తొడిగే బూడిదరంగు బొచ్చు తొడుగు ఒకటుంటుంది. దాన్ని చూస్తే అత్తయ్యకి మొదటినుంచీ గిట్టలేదు. "ఆ ఎలక్కి ఎప్పుడైనా నీళ్ళు పోశావా?" అంది. ఆ వాక్యం కూడా నా దగ్గర చాలా స్పష్టంగా రికార్డయి ఉంది.

రెండోరోజు విగ్రహాలు చేసే షెడ్డుకి వెళ్ళాం. బయట సందులోకి వినపడుతూనే ఉంది, రేకు మీద సుత్తి, గ్రైండరు, ఎక్కడో లోపల ఆకురాయి గీత. నా ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య నాకంటే ముందు లోపలికి నడిచింది.

"ఒరేయ్, నువ్వు మా స్కూల్లో సెక్షన్ బి కాదూ?"

షెడ్డు యజమాని యాభై ఏళ్ళాయన. గబగబా చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. నేను రికార్డు చేయడానికి వచ్చానని అత్తయ్య చెప్పగానే వెనక్కి తిరిగి కేకేశాడు. "మేడమ్ గారు రికార్డింగ్ చేస్తారంట. అన్నీ ఆపండి!"

అన్నీ ఆగిపోయాయి.

"ఆపొద్దండి. నాకు ఆ చప్పుడే కావాలి" అన్నాను.

"చప్పుడెందుకండి? మీ టేపులో ఏం వినపడుద్ది? ఈ బొమ్మ ఎలా చేస్తామో చెబుతాను, అది పెట్టుకోండి."

"నాకు మాటలొద్దండి."

ఆయన ముఖం చిన్నబోయింది. అత్తయ్య నన్ను కోపంగా చూసింది. చివరికి ఆయన చెప్పిందంతా పద్దెనిమిది నిమిషాలు రికార్డు చేశాను. మట్టి అచ్చు దగ్గర్నుంచి రంగు దాకా చెప్పాడు, బాగా చెప్పాడు కూడా. పనివాళ్ళు నలుగురూ సుత్తులు ఒళ్ళో పెట్టుకుని, మర్యాదగా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మేం సందు చివరికి వచ్చాక మళ్ళీ సుత్తులు మొదలయ్యాయి. అప్పటికి మైకు సంచిలో ఉంది.

మూడోరోజు రైల్వే స్టేషను. రేపల్లె వెళ్ళే ప్యాసింజరు కదిలేటప్పుడు పెట్టెల కొక్కేలు ఒకదాని వెంట ఒకటి బిగుసుకునే చప్పుడు తీసుకుందామని నా ఆశ. బండి కదిలింది. కిటికీలోంచి ఎవరో అరిచారు. "టీచర్ గారూ, బాగున్నారా అండీ?" అత్తయ్య బండితో పాటు పది అడుగులు నడుస్తూ వాళ్ళ పిల్లలెంతమందో కనుక్కుంది.

బాపట్ల తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పదకొండు గంటల రికార్డింగు. రాత్రి భోజనాలు కాగానే మొదలుపెట్టి వారం రోజులు విన్నాను. మాటలు లేని చోటు ఎక్కడా ఒకేసారి పన్నెండు సెకన్లకు మించి దొరకలేదు. గొంతుని తీసేసే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంటే ప్రయత్నించాను. అది అత్తయ్య గొంతుతో పాటు నీళ్ళనీ పీల్చేసింది. మిగిలింది పైపులో దగ్గినట్టుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె మీద కోపం, ఆమెని ఏమీ అనలేకపోయినందుకు నా మీద కోపం.

అందుకని ఏప్రిల్లో ఒక పని చేశాను. అత్తయ్యకి చెప్పకుండా మొదటి బండికి తెనాలి వెళ్ళాను. టోపీ పెట్టుకున్నాను, ఆమె ఉండే వీధి వైపు పోలేదు. విగ్రహాల షెడ్డు వెనక సందులో గోడకి ఆనుకుని, లోపలికి తొంగి చూడకుండా ఇరవై నిమిషాల సుత్తి చప్పుడు పట్టుకున్నాను. మార్కెట్లో బస్తాలు దింపే చప్పుడు, ఆదివారం కాకపోయినా ఎవరో మోగించిన చర్చి గంట, మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలే గంట, మళ్ళీ మళ్ళీ వినాలనిపించే ఆ కొక్కేల వరస, అన్నీ దొరికాయి. ఒక్క మాట లేదు. అంత సంతోషంగా నేనెప్పుడూ పని చేయలేదు.

ఒక్క కాలవ మాత్రం దొరకలేదు. వేసవి కదా, కాలవ కట్టేశారు. వంతెన కింద ఎండిన బురద, దాంట్లో రెండు కొంగలు. వాటికి నా పని పట్టలేదు, నాకు వాటి పనీ పట్టలేదు. వంతెన పక్కన ఇడ్లీ కొట్లో రెండు ఇడ్లీ తిని, చీకటి పడేసరికి బాపట్ల వచ్చేశాను.

ఊరు అన్నాక నీళ్ళుండాలి, అందులోనూ తెనాలి అన్నాక. మా కాలేజీ వెనక తోటలో బోరు నీళ్ళు తొట్టిలో పడే చప్పుడు రికార్డు చేసి, కాస్త నెమ్మది చేసి, బరువు పెంచి, కాలవ ఉండాల్సిన చోట పెట్టాను. బాగా కుదిరింది. ఎవరికి తెలుస్తుంది?

అత్తయ్య రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. మే నెల మొదట్లో ఒకరోజు పలకరింపు లేకుండా మొదలుపెట్టింది.

"ఊళ్ళోకి వచ్చావంట."

చేతిలో ఉన్న హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టాను.

"ఇడ్లీ కొట్టావిడ చెప్పింది. మీ మేనకోడలు ఆ ఎలక బొమ్మ పట్టుకుని వచ్చింది కదండీ, టిఫిన్ నా దగ్గరే చేసింది అని. అవునమ్మా, వచ్చింది అన్నాను. ఇంకేం అంటాను?"

"అత్తయ్యా, పని మీద..."

"సరే. ఉంటా."

తర్వాత ఫోన్ రాలేదు. నేను చేస్తే తీయలేదు. మొదటి మూడు రోజులూ నాకు హాయిగా ఉంది, అబద్ధమెందుకు. ఆ తర్వాత చిరాకు మొదలైంది. పని చేసుకోవడం కూడా నేరమేనా అని ఇంట్లో గోడలకి వాదించి చెప్పాను. రెండో వారానికి ఆ వాదన నాకే ఎబ్బెట్టుగా తోచింది. ఆవిడ ఉన్న ఊరికి వెళ్ళి, ఆవిడ గడప తొక్కకుండా, కొట్లో టిఫిన్ తిని వచ్చాను. అది పని కాదు, దొంగతనం.

సెలవుల్లో ఆమె రేపల్లెలో మా చిన్నత్తయ్య ఇంటికి వెళ్ళిందని తెలిసి, చెరుకుపల్లి మీదుగా బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అల్లుకున్నాను. కాలేజీ పని అనాలి, ఎవరో తోడున్నారనాలి, బండికి టైమైందనాలి.

వెనక వరండాలో అత్తయ్య చేటలో ఎండు రొయ్యలు పోసుకుని తలలు తుంచుతోంది. నన్ను చూసి తల ఎత్తలేదు. లోపలికి మాత్రం కేక వేసింది. "చెల్లీ, ఎండనపడి వచ్చింది. దానికి మజ్జిగ ఇవ్వు."

"నేను చేసింది తప్పే, అత్తయ్యా" అన్నాను.

"ఏం తప్పు?"

క్లాసులో అడిగినట్టు అడిగింది. "చెప్పకుండా వచ్చి వెళ్ళడం."

"ఎందుకు చెప్పలేదు?"

బస్సులో అల్లుకున్నవన్నీ ఎక్కడికో పోయాయి. "చెబితే నువ్వొస్తావు. వస్తే మాట్లాడతావు. నువ్వు మాట్లాడితే నా పని పాడైపోతుంది."

చిన్నత్తయ్య మజ్జిగ గ్లాసుతో గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అత్తయ్య చేతిలో రొయ్యని చేటలో పడేసింది.

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఇరవైసార్లు చెప్పాను! కాలవ మీద చెయ్యి ఊపాను, స్టేషన్లో ఊపాను..."

"నాకేం తెలుసు? దోమల్ని తోలుతున్నావనుకున్నాను."

చిన్నత్తయ్య ఫక్కున నవ్వింది. అత్తయ్య నవ్వలేదు గానీ చీర కొంగుతో చేతులు తుడుచుకుని, "ఏదీ, ఏం చేశావో వినిపించు" అంది.

హెడ్‌ఫోన్లు తగిలించి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నేను పక్కన కూర్చున్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. నిజంగానే మాట్లాడలేదు. ఎనిమిది నిమిషాల తర్వాత ఒక చెవి తీసింది.

"ఇది రేపల్లె బండేనా?"

"అవును."

"దీని తర్వాత బడి గంటేంటి? బడి వదిలాక కదా ఈ బండి పోయేది. పిల్లలు బండి అందుకోవాలని పరిగెత్తేవాళ్ళు, ముప్పై అయిదేళ్ళు చూశాను."

"ఇది ఉన్నదున్నట్టు కాదు, అత్తయ్యా. కళ. వరస నా ఇష్టం."

"నీ ఇష్టమైతే తెనాలి అని పేరెందుకు పెట్టావు?"

దానికి నేను పెద్ద జవాబే చెప్పాను. ఆమె ఓపిగ్గా వింది, వినీ మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఇంకో అయిదు నిమిషాలకి రెండు చెవులూ తీసేసింది.

"ఈ నీళ్ళెక్కడివి?"

"కాలవవి."

"ఇవి బోరు నీళ్ళు. మూతి ఇరుకు పైపులోంచి తొట్టిలో పడుతున్నాయి, మధ్యమధ్య గాలి తన్నుకొస్తోంది. పొలాల మధ్య పుట్టినదాన్ని, నాకు తెలీదా? పైగా ఏప్రిల్లో కాలవలో నీళ్ళెక్కడివే?"

ఫిజిక్స్ చెప్పేదాన్ని, శబ్దం అనే పాఠం ఏటా చెప్పేదాన్ని, రొయ్యల తలలు తుంచుతున్న మనిషికి దొరికిపోయాను. ఉన్న సంగతి ఒప్పుకున్నాను. అసలైన కాలవ చప్పుడు ఫిబ్రవరిది ఒకటుంది గానీ దాని నిండా ఆమె మాటలేనని చెప్పాను.

"అయితే అదే పెట్టు. నా గొంతుకేం?"

మాటలుండకూడదన్నారని చెబితే, "నాలుగు మాటలుంటే వాళ్ళ సొమ్మేం పోయింది?" అంది. వాళ్ళతో మాట్లాడి చూడమంది. అక్కడి నుంచే ఫోన్ చేశాను. ప్రదర్శన నిర్వహించే ఆయన, నీళ్ళ కింద లీలగా గొంతు వినపడితే ఫరవాలేదు లెండి అన్నాడు. అంత సులువుగా ఒప్పుకుంటాడని తెలిస్తే ఈ మూడు నెలల తంటా నాకెందుకు?

సరే, ఆ ముక్క వెతికి వినిపించాను. సగం విన్నాక అత్తయ్య ముఖం మారింది.

"అయ్యో, ఇది తీసెయ్!"

వంతెన మీద ఆ పొద్దున ఆమె తన చర్చిలో పాటలు నడిపించే ఆవిడ గురించి చెబుతోంది. ఆవిడ గొంతు పోయి పదేళ్ళయిందనీ, ఆ సంగతి చెప్పే ధైర్యం వచ్చిన పాస్టర్లెవరికీ లేదనీ.

"చర్చిలో నా పక్కనే కూర్చుంటుందే ఆవిడ! విందంటే ఇంకేమైనా ఉందా?"

"ఆ మాటలు తీస్తే నీళ్ళు కూడా పోతాయి, అత్తయ్యా."

"పోనీ. జూలైలో కాలవ వదులుతారు. అప్పుడు రా. నేను నోరెత్తితే ఒట్టు."

అలా నా పని ఇంకో రెండు నెలలు ఆగింది. ఆ రెండు నెలల్లో ఆమె నాకు మూడుసార్లు ఫోన్ చేసి, బడి గంటని బండికి ముందు పెట్టానా లేదా అని అడిగింది. మూడోసారికి విసుగొచ్చి పెట్టి చూశాను. గంట తర్వాత కొక్కేలు వరసగా బిగుసుకుంటే ఆ చోటికి ఒక పరుగు వచ్చింది. బాగుందని ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఆమెకి మాత్రం, "పెట్టాను లే" అని చెప్పి ఊరుకున్నాను.

జూలైలో కబురొచ్చింది. "కాలవ వదిలారు. రా."

ఎర్రటి కొత్తనీళ్ళు వంతెనకి ఒరుసుకుని పోతున్నాయి. పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. అయిదు నిమిషాలు చాలన్నాను. అత్తయ్య రెయిలింగు పట్టుకుని, పెదాలు బిగించి నిలబడింది. బటన్ నొక్కాను. నీళ్ళు, నీళ్ళ మీద ఎండుటాకులు, దూరంగా ఒక సైకిలు గొలుసు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నా జన్మలో అత్తయ్య పక్కన అంత నిశ్శబ్దం నేనెరగను.

మూడో నిమిషం నడుస్తుండగా సైకిలు మీద ఒక పెద్దాయన ఆగాడు.

"ఏంటి టీచర్ గారూ, ఇంత పొద్దున్నే?"

అత్తయ్య తల ఊపింది.

"ఒంట్లో బాగానే ఉందా అండి?"

మళ్ళీ తల ఊపి, నోటి మీద వేలు పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందేమో, పెదాలు ఒకపక్కకి లాగి ఉన్నాయి. ఆయన సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా వదిలేశాడు. అది కింద పడింది, ఆ మోత రికార్డయింది.

"అయ్యో, మాట పడిపోయిందా! మూతి కూడా వంకరపోయింది! ఆటో, ఆటో!"

ఇడ్లీ కొట్టావిడ పరిగెత్తుకొచ్చింది. వాకింగుకి వచ్చిన ఇద్దరు ఆగారు. ఒకరు అత్తయ్య చెయ్యి పట్టుకుని, "ఈ చెయ్యి ఎత్తండి, ఏదీ, ఎత్తండి" అంటున్నారు. పెద్దాయన నా వైపు తిరిగి, "పెద్దావిడకి ఇలా అయితే నువ్వు చెవుల్లో పాటలు పెట్టుకుని నుంచున్నావేంటమ్మా?" అని గద్దించాడు. ఆటో వచ్చి ఆగింది. ఎక్కించబోతుంటే అత్తయ్య ఇంక ఓర్చుకోలేకపోయింది.

"నోరు మూసుకుని నుంచోవయ్యా! రికార్డింగవుతోంది!"

ఆ తర్వాత అందరికీ జరిగింది చెప్పడానికి గంట పట్టింది. ఆటో ఆయన కూడా దిగి పూర్తిగా విన్నాడు. నాకు మిగిలింది రెండు నిమిషాల నలభై సెకన్లు. తలపట్టుకుని వంతెన మీదే కూర్చున్నాను. బాపట్ల వచ్చి వింటే, నాకు కావలసినదంతా ఆ రెండు నిమిషాల నలభై సెకన్లలోనే ఉంది. బోరు నీళ్ళు తీసేసి అది పెట్టి, గడువుకి ఒక్కరోజు ముందు పంపించాను.

ఆగస్టులో ప్రదర్శన మొదలైంది. చీకటి చేసిన గది, గోడ పొడుగునా కుర్చీలు, కుర్చీకొక జత హెడ్‌ఫోన్లు. వచ్చిన కొద్దిమందీ కళ్ళు మూసుకుని, గుళ్ళో ఉన్నట్టు కదలకుండా వింటున్నారు. రెండోరోజు మధ్యాహ్నం అత్తయ్య వచ్చింది. తన చర్చి స్త్రీల సమాజం వాళ్ళని ఏడుగురిని బస్సులో వెంటపెట్టుకుని వచ్చింది. ఏడుగురికీ పులిహోర డబ్బాలున్నాయి.

లోపల మాట్లాడకూడదని గుమ్మంలోనే చెప్పాను, అందరూ బుద్ధిగా తలలూపారు. వెళ్ళి వరసగా కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. నేను బయట బల్ల మీద కూర్చుని కాస్త నీళ్ళు తాగుదామని సీసా మూత తీశాను. చెవులు మూసుకున్న మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. లోపలి నుంచి కేకలు మొదలయ్యాయి.

"వదినా, బడి గంట! మన బడి గంట!"

"ఆ సుత్తి బొమ్మలోళ్ళదే!"

"ఇదిగో, రేపల్లె బండి వస్తోంది చూడండి!" అది అత్తయ్య.

నిర్వహించే ఆయన గబగబా బయటికొచ్చాడు. మిగతా శ్రోతలు ఇద్దరు ఆయన వెనకే వచ్చారు.

"మేడమ్, లోపలున్నవాళ్ళు మీవాళ్ళేనా అండి?"

కాదని చెప్పాలని చాలా బలంగా అనిపించింది.

"మావాళ్ళేనండి" అన్నాను. "ఇంకో పన్నెండు నిమిషాలుంది. కాస్త ఓపిక పట్టండి."